హైతీ వలస కథలు, మన్యం జ్ఞాపకాలు

దీర్ఘకాలం సాగిన హింస, దానికి గురైన జనం జ్ఞాపకంలో మొదలూ చివరా ఉన్న ఒకే కథగా నిలవదు. అది ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క ముక్కగా మిగిలిపోతుంది. ఒక ముక్కను దాచుకున్న కుటుంబానికి దాని పక్క ముక్క ఎవరి దగ్గర ఉందో తెలియదు, తెలిసినా అడిగే ధైర్యం ఉండదు. ఈ సంగతికి ఒకదానికొకటి ఎంతో దూరాన ఉన్న రెండు ప్రాంతాలు సాక్ష్యమిస్తున్నాయి. ఒకటి కరీబియన్ సముద్రంలోని హైతీ దేశం. రెండవది అనంతగిరి ఘాటీ ఎక్కితే మొదలై, అరకు, పాడేరు, చింతపల్లి మీదుగా విస్తరించి, ఒడిశాలోని కోరాపుట్ కొండలతో కలిసిపోయే తూర్పు కనుమల మన్యం. హైతీ నుంచి అమెరికాకు వలసవెళ్లినవారి జీవితాన్ని రాసిన ఒక రచయిత్రి ఆ ముక్కలను ఒక పుస్తకంలో పక్కపక్కన నిలపగలిగింది. మన్యానికి అటువంటి పుస్తకం ఇంకా రావలసి ఉంది. అది ఎందుకు అవసరమో, ఏ వస్తువుతో తయారు కాగలదో పరిశీలించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ప్రక్రియ గురించి కొంత చెప్పుకోవాలి. విడివిడిగా చదివినా దేనికదే పూర్తి కథ అనిపిస్తూ, వరుసగా చదివినప్పుడు ఒక కథలోని మనిషి మరో కథలో నీడగా కనిపిస్తూ, అన్నీ కలిసి ఏ ఒక్క కథా చెప్పలేని సంగతిని చెప్పే సంపుటిని గొలుసు కథల సంపుటి అనవచ్చు. తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు', వంశీ 'మా పసలపూడి కథలు' ఒక ఊరిని దారంగా చేసుకుని కథలు గుచ్చాయి. విశాఖపట్నంలో న్యాయవాదిగా జీవించిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) 'ఆరు సారా కథలు'లో ఊరికి బదులు మద్యనిషేధ చట్టాన్ని దారంగా తీసుకుని, ఆ చట్టం పోలీసును, వకీలును, సారా అమ్మే మనిషిని ఎలా ఒకే ఉచ్చులోకి లాగుతుందో చూపించారు. ఇక్కడ చర్చించే హైతీ పుస్తకానికి తెలుగులో దగ్గరి బంధువు ఎవరని అడిగితే, ఊరిని ప్రేమించిన కథలకంటె ముందు రావిశాస్త్రి కథలనే పేర్కొనవలసి ఉంటుంది.

హైతీ చరిత్రను క్లుప్తంగానైనా తెలుసుకోకపోతే ఆ కథల బరువు అర్థం కాదు. ఫ్రెంచి వలసగా ఉన్న కాలంలో ఆ ప్రాంతం చెరకుకూ కాఫీకీ ప్రసిద్ధి. పద్దెనిమిదవ శతాబ్దం చివర ప్రపంచంలో తాగే కాఫీలో దాదాపు సగం అక్కడి కొండల మీద, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేతుల మీదుగా పండేదని చరిత్రకారులు చెబుతారు. కాఫీ తోటల మధ్య జీవించే అరకు శ్రోతలకు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుండదగినది. 1791లో ఆ బానిసలు తిరగబడి, పదమూడేళ్ల పోరాటం తరువాత 1804లో స్వతంత్ర దేశాన్ని స్థాపించారు. కానీ స్వాతంత్ర్యం తరువాత అప్పులు, విదేశీ ఆక్రమణ, సైనిక కుట్రలు ఆ దేశాన్ని వదలలేదు. 1957లో అధికారంలోకి వచ్చిన ఫ్రాంస్వా దువాలియే అనే వైద్యుడు తనను తాను జీవితకాల అధ్యక్షుడిగా ప్రకటించుకున్నాడు. 1971లో అతడు చనిపోగా, కుమారుడు జాన్ క్లోద్ 1986 ఫిబ్రవరిలో దేశం విడిచి పారిపోయే వరకు పాలించాడు. ఈ ఇరవై తొమ్మిదేళ్లూ తండ్రీకొడుకులకు అండగా నిలిచింది టోంటోన్ మకూట్ అని జనం పిలిచిన సాయుధదళం. పిల్లలను సంచిలో వేసుకుని ఎత్తుకుపోతాడని హైతీ తల్లులు భయపెట్టే బూచివాడి పేరునే ప్రజలు ఆ దళానికి పెట్టారు. తెల్లవారకముందే ఇళ్లమీద పడి మనుషులను పట్టుకుపోవడం, చెరసాలలో చిత్రహింసలు పెట్టడం, శవాన్ని కూడా ఇంటివారికి ఇవ్వకపోవడం ఆ దళం పనితీరు. బతకగలిగిన వేలాదిమంది అమెరికాలోని న్యూయార్క్, మయామీ నగరాలకు వలసపోయారు. వాళ్ల వెనకే, పాలన మారాక ప్రాణభయంతో, హింసించినవాళ్లు కూడా కొందరు అవే వీధులకు చేరుకున్నారు.

ఎడ్విజ్ డాంటికా 1969లో హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉన్న తల్లిదండ్రుల దగ్గరకు చేరుకున్న రచయిత్రి. ఇంట్లో హైతీ క్రియోల్, బడిలో ఫ్రెంచి నేర్చిన ఆమె రచన చేసేది మూడో భాష అయిన ఇంగ్లీషులో. 2004లో వెలువడిన ఆమె 'ది డ్యూ బ్రేకర్' తొమ్మిది కథల సంపుటి. మంచు ఆరకముందే వచ్చి తలుపు తట్టే హింసకుడిని హైతీ జనం పిలుచుకునే పేరే దాని శీర్షిక.

మొదటి కథలో యువ శిల్పి అయిన ఒక కూతురు, హైతీ చెరసాలలో నలిగిన ఖైదీ అని తాను నమ్మిన తండ్రి రూపాన్ని కర్రతో చెక్కి, ఆ బొమ్మను కొన్న ఒక నటికి అందజేయడానికి తండ్రితో కలిసి ఫ్లోరిడాకు ప్రయాణమవుతుంది. దారిలో తండ్రి ఆ బొమ్మను చెరువులో పారేసి, తాను ఆ చెరసాలలో ఖైదీని కాననీ, ఖైదీలను హింసించినవాడిననీ చెబుతాడు. అతని ముఖం మీది మచ్చ ఏ ఖైదీ చేసిన గాయమో, అతని భార్య దానిని ఎంతకాలంగా ఎరుగునో, ఆ ఖైదీకీ ఆమెకూ ఏమి సంబంధమో పాఠకుడికి చివరి కథలో గాని తెలియదు. మధ్యలోని కథల్లో చాలావాటికి ఈ కుటుంబంతో పైకి కనిపించే సంబంధం లేదు. ఏడేళ్ల తరువాత భార్యను కలుసుకున్న కూలి, గొంతు కోల్పోయిన రోగులకు సేవచేసే నర్సు, న్యూయార్క్‌లో చదువు పూర్తిచేయడానికి తంటాలుపడే ముగ్గురు స్త్రీలు వేరువేరు కథల్లో కనిపిస్తారు. అయినా ఒక క్షవరశాల, దాని అడుగున అద్దెకుండే కుర్రాళ్లు, ఒక మచ్చ, ఒక పాత చెరసాల పేరు ఒక కథ నుంచి మరో కథకు మెల్లగా పాకుతూ ఉంటాయి.

వీటిలో రెండు కథలు మన్యం గురించి ఆలోచించేవారికి ఎక్కువగా ఉపయోగపడతాయి. మొదటిదానిలో డానీ అనే యువకుడు, చిన్నతనంలో తన తల్లిదండ్రులను చంపి ఇంటికి నిప్పుపెట్టిన మనిషి తాను అద్దెకుంటున్న ఇంటి యజమాని, ఆ క్షవరశాల నడిపేవాడే అని గుర్తుపడతాడు. ఒకరాత్రి అతని పడకదాకా వెళతాడు. కానీ నూటికి నూరుపాళ్లూ అతడేనా అన్న సందేహం చేతిని ఆపుతుంది. ఆ సంగతి చెప్పుకోవడానికి హైతీ కొండల్లోని మారుమూల పల్లెలో, అదే రాత్రి చూపు పోగొట్టుకున్న మేనత్త దగ్గరకు అతడు ప్రయాణమవుతాడు. రెండవ కథలో పెళ్లిబట్టలు కుట్టే ముసలామె తన పాదాలను కొరడాతో చీల్చిన కాపలాదారు తాను ఎక్కడికి ఇల్లు మారినా అదే వీధిలోకి వచ్చి చేరుతున్నాడని చెబుతుంది. ఆ మాట విన్న ఒక విలేకరి వెళ్లి చూస్తే ఆ ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఆమె చెప్పిన గాయం నిజం, చూపిన ఇల్లు అబద్ధం. ఆ రెండింటినీ ఒకే కథలో నిలపడం డాంటికా సాధించిన పని. బాధితుల జ్ఞాపకం తప్పు చూపించవచ్చని ఒప్పుకుంటూనే దానిని తోసిపుచ్చకపోవడం, హింసకుడికి భార్యాబిడ్డలమీద ఉన్న ప్రేమను పూర్తిగా చూపిస్తూనే అతని నేరాన్ని కొంచెం కూడా తేలిక చేయకపోవడం, ఏ ఒక్క పాత్ర వైపునుంచి కథంతా చెప్పినా కుదరని పని. గొలుసు కథల రూపం ఇక్కడ అలంకారం కోసం ఎంచుకున్నది కాదు. ఆ వస్తువు మరో రూపంలో ఇమడదు.

ఇప్పుడు మన్యం వైపు చూద్దాం. 1839లో ఒక చట్టం ద్వారా గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు న్యాయపాలన నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు చేతికి అప్పగించారు. 'ఏజెన్సీ' అనే మాట ఆనాటి నుంచే ఈ కొండలకు అంటుకున్నది. కొన్ని గ్రామాల సముదాయాన్ని ముఠా అనీ, దాని మీద శిస్తు వసూలు చేసే పెద్దను ముఠాదారు అనీ పిలిచేవారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును, అంటే కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, కొన్నేళ్లు పండించి మరోచోటికి తరలే సేద్యాన్ని కట్టడిచేసింది. కూలి ఇవ్వకుండా లేదా పేరుకు ఇచ్చి చేయించుకునే వెట్టి, అప్పు తీరేదాకా మనిషే తాకట్టుగా పనిచేసే గోతి అనే పద్ధతి ఈ కొండలను కోరాపుట్ వరకు ఒకే తాడుతో కట్టాయి. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ రుణదాస్యాన్ని అదుపుచేసే నిబంధన తేవలసి వచ్చిందంటే ఆ పద్ధతి ఎంతగా పాతుకుపోయిందో ఊహించవచ్చు.

దీనికి ఎదురుతిరిగిన ప్రతిసారీ ప్రభుత్వ కాగితాల్లో అది ఫితూరీ అయింది. 1879లో కల్లుమీద పన్నుకూ ఆ ప్రాంతాన్ని ఏలే మన్సబుదారు దౌర్జన్యానికీ వ్యతిరేకంగా లేచిన రంప తిరుగుబాటు వాటిలో పెద్దది. చిన్నవాటిలో ఒకటి అరకుకు ఉత్తరాన, పాచిపెంట కొండల్లోని కొర్రవానివలసలో 1900 సంవత్సరంలో జరిగింది. కొర్ర మల్లయ్య అనే కొండదొర తాను పంచపాండవులలో ఒకరి అవతారమనీ, తన పసిబిడ్డ కృష్ణుడనీ, వెదురుకర్రలు తుపాకులవుతాయనీ, ఇంగ్లీషువారిని తరిమి తాను ఏలుతాననీ ప్రకటించగా వేలమంది చుట్టూ చేరారు. ఇద్దరు పోలీసులు చనిపోయారు. తరువాత జరిగిన కాల్పుల్లో పదకొండుమంది కొండవాళ్లు చనిపోయారు. అరవైమందిని విచారించి ఇద్దరిని ఉరితీశారు. 1907లో వెలువడిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు ఈ వృత్తాంతాన్ని కొద్ది వాక్యాలలో ముగించింది. ఆ కొద్ది వాక్యాల వెనక ఎన్నో ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో ఏ ఒక్కదాని లోపలికీ తెలుగు కథ ఇంతవరకు అడుగుపెట్టినట్టు కనిపించదు.

1922 నుంచి 1924 వరకు సాగిన మన్యం పోరాటం సంగతి ఇందుకు భిన్నంగా కనిపించినా, లోతుగా చూస్తే అంత భిన్నం కాదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించడంలో కొండవాళ్లచేత సరైన కూలి లేకుండా పనిచేయించడం ఆ పోరాటానికి ఒక ముఖ్యకారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. సెప్టెంబరులో దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు పోలీసు అధికారులు చనిపోయారు. తరువాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దళం కొండలెక్కాయి. 1924 మే 7న ఆ పోరాట నాయకుడు అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. ఈ కథ తెలుగువారికి పాటగా, బుర్రకథగా, నాటకంగా, 1974 నాటి సినిమాగా, చివరకు 2022లో ఏర్పడిన జిల్లా పేరుగా తెలుసు. ఆ గౌరవం ఆయనకు తగినదే. అయితే ఒక్క మహావీరుడి చుట్టూ చెప్పిన కథలో మిగిలినవారందరూ విల్లుపట్టి వెనక నిలబడ్డ గుంపుగా కుదించుకుపోతారు. రోడ్డుమీద రాళ్లు కొట్టినవాడి ఇంట్లో ఆ రోజు ఏమి వండుకున్నారో, పోలీసుల సామాను మోసిన కూలి తిరిగివచ్చాక సొంత ఊళ్లో అతనిని ఎలా చూశారో, పగలు తహసీల్దారుకూ రాత్రి తిరుగుబాటుదారులకూ బియ్యం పంపక తప్పని ముఠాదారు ఎవరికి భయపడి ఎవరిని మోసంచేశాడో ఆ కథకు అవసరం లేదు. మరో భాషలో, మరో ప్రాంతంలో పుట్టి కొండలెక్కిన అస్సాం రైఫిల్స్ సిపాయి, అతడు కూడా ఏదో ఒక కొండజాతివాడే కావచ్చునన్న ఊహ, ఆ కథలో చోటు దొరకని వస్తువు.

గాం సోదరుల జీవితమే ఇందుకు గట్టి ఉదాహరణ. బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర ఆ పోరాటంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. తమ్ముడు మల్లుదొర పట్టుబడి, శిక్షపడి, అండమాన్ చేరి, బతికి తిరిగివచ్చి, స్వతంత్ర భారతదేశపు మొదటి ఎన్నికల్లో, 1952లో, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. బ్రిటిషు ప్రభుత్వం నేరస్థుడని సముద్రం దాటించిన మనిషి ఢిల్లీలో చట్టసభలో కూర్చున్నాడు. ఆ ముప్పై ఏళ్ల మధ్య అతని కుటుంబం ఎలా బతికింది, అతనిని పట్టించినవారి పిల్లలూ అతని పిల్లలూ ఒకే సంతలో ఎదురుపడ్డప్పుడు ఏమి మాట్లాడుకున్నారు అన్న ప్రశ్నలకు చరిత్రగ్రంథాలు జవాబివ్వలేవు, ఇవ్వవలసిన పని కూడా లేదు. 1982లో డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం, రంప తిరుగుబాట్లమీద రాసిన విలువైన వ్యాసం ఫితూరీల కారణాలను, వాటి అల్లికను చూపించగలిగింది. సంతలో ఎదురుపడ్డ ఇద్దరి మౌనాన్ని చూపించవలసింది కథ.

వలస సంగతికి వస్తే, మన్యం ఇక్కడ కూడా హైతీకి దగ్గరగానే నిలుస్తుంది. మద్రాసు (తరువాత ఆంధ్ర), ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి మాచ్‌ఖండ్ నదిమీద జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభించినప్పుడు వేల కుటుంబాలు ఇల్లూ పొలమూ విడిచిపోయాయి. వాటిలో ఎక్కువభాగం ఆదివాసులవీ దళితులవీ. పునరావాసం పొందినవి కొద్ది మాత్రమే. మిగిలినవి చెల్లాచెదురయ్యాయి. కొద్దికాలానికే, 1960ల దశకంలో, బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి కొత్తవలస నుంచి కిరండూల్ వరకు రైలుమార్గం అరకు లోయను చీల్చుకుంటూ వెళ్లింది. పర్యాటకులు ఆ మార్గంలోని సొరంగాలను లెక్కపెట్టుకుంటూ ఆనందిస్తారు. ఆనందించడం తప్పు కాదు. ఆ కొండలోపల ఎవరు పనిచేశారన్నది కూడా ఎవరో ఒకరు లెక్కపెట్టాలి.

అంతకంటె తక్కువగా తెలిసిన వలస మరొకటి ఉంది. కొండమీద నేల చాలకనో, అప్పులవల్లనో, భయంవల్లనో కోదు కుటుంబాలు, అంటే ప్రత్యేకంగా బలహీనమైన ఆదిమ తెగలలో చేర్చిన కొండజాతివారు, తరతరాలుగా కొండదిగువకు జరుగుతూ, నేటి అనకాపల్లి జిల్లాలోని రావికమతం, రోలుగుంట, గొలుగొండ వంటి మండలాల్లో కొండ అంచున చిన్నచిన్న గూడేలు వేసుకున్నాయి. రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కింద ప్రకటించిన ప్రాంతానికి ఇవి బయట పడ్డాయి. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ కాకుండా కాపాడే 1959 నాటి నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ, ఈ గూడేలకు వర్తించవు. పైన కొండమీద ఉన్న అన్నకు ఉన్న రక్షణ కింద పల్లంలో ఉన్న తమ్ముడికి లేదు. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే పండుగలు, ఒకే పూర్వీకులు; మధ్యలో ఉన్నది పటం మీద గీసిన గీత. న్యూయార్క్‌లో కాగితాలు లేని హైతీ కూలికి ప్రతిరోజూ ఎదురయ్యే స్థితి ఇదే, సముద్రం దాటకుండానే. వలస అనగానే విమానం, ఓడ, విదేశం మాత్రమే గుర్తుకు రావడం పల్లపు పాఠకుల అలవాటు. ఈ అలవాటును మార్చగల కథలు రావాలి.

దగ్గరి గతం ఇంకా కష్టమైనది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలికావడంతో శ్రీకాకుళం గిరిజనోద్యమం కొత్తమలుపు తిరిగింది. 1970 నాటికి దాని నాయకులలో చాలామంది చనిపోయారు. ఆ తరువాతి దశాబ్దాల్లో మావోయిస్టు దళాలకూ పోలీసులకూ మధ్య మన్యం నలిగింది. 2007 ఆగస్టులో జి.మాడుగుల మండలం వాకపల్లిలో పదకొండుమంది కోదు స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని ఫిర్యాదుచేశారు. పదహారేళ్ల తరువాత, 2023 ఏప్రిల్‌లో, విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడుదల చేస్తూనే, దర్యాప్తులో జరిగిన లోపాలను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు; ఇద్దరూ గిరిజనులే. ఇన్‌ఫార్మరు అనే ముద్రపడి చనిపోయినవాళ్లు, ఆ భయంతో ఊరు విడిచి పట్నం చేరినవాళ్లు, అడవిలోకి వెళ్లి లొంగిపోయి తిరిగివచ్చినవాళ్లు, హోంగార్డు ఉద్యోగంలో చేరినవాళ్లు ఒకే పంచాయతీలో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో ఉన్నారు. బ్రూక్లిన్ క్షవరశాల అడుగున అద్దెకున్న డానీ పరిస్థితికి ఇది దూరమైనది కాదు. ఎవరు ఎవరికి ఏమి చేశారో అందరికీ తెలిసినట్టే ఉంటుంది, నిక్కచ్చిగా ఎవరికీ తెలియదు.

ఇటువంటి సమాజాన్ని రాయడానికి తెలుగులోనూ పొరుగు భాషలోనూ గట్టి పునాదులున్నాయి. కోరాపుట్‌లో ప్రభుత్వోద్యోగిగా పనిచేసిన గోపీనాథ మహంతి ఒరియాలో 1945లో రాసిన 'పరజా' గోతి దాస్యంలో ఒక కుటుంబం ఎలా కూలిపోతుందో చూపిన గొప్ప నవల. ఆయన 'అమృతర సంతాన' కోదుల జీవితాన్ని ఇతిహాసంగా మలచింది. తెలుగులో భూషణం 'కొండగాలి' కథలు శ్రీకాకుళం గిరిజనుల పోరాటకాలాన్ని లోపలినుంచి చూశాయి. గుమ్మలక్ష్మీపురం ప్రాంతపు ఆదివాసీ కుటుంబంలో పుట్టి, ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ రాస్తున్న మల్లిపురం జగదీశ్ 'శిలకోల', 'గురి' సంపుటాలతో కొండవాడు తన కథ తానే తెలుగులో చెప్పే దశ మొదలైంది. ఈ మలుపు చాలా ముఖ్యమైనది. అయినా అరకు, పాడేరు, ముంచింగిపుట్టు వైపున, అంటే గదబ, పోర్జ, కోదు, భగత, వాల్మీకి తెగలు ఒకే సంతలో ఆదివాసీ ఒరియా మాట్లాడుకుంటూ కలిసే ఆ ప్రదేశంలో, గతాన్ని ఎన్నోవైపుల నుంచి ఒకేసారి చూపే గొలుసు కథల పుస్తకం ఇంకా వెలువడలేదు.

భాష ఇక్కడ నిజమైన అడ్డంకి. మన్యానికి తెలుగు చాలాకాలం తహసీల్దారు భాష, సాహుకారు భాష, కోర్టుకాగితం భాష. కోదుల భాష అయిన కువిలో లేదా గదబలో గుర్తున్న దుఃఖాన్ని అదే తెలుగులో చెప్పవలసి రావడం, క్రియోల్‌లో జరిగినదాన్ని డాంటికా ఇంగ్లీషులో రాయడం వంటిదే. ఆమె ఆ కష్టాన్ని దాచలేదు. ఆమె పాత్రల మాటల్లో క్రియోల్ అలాగే నిలిచి, వాక్యం నడక కూడా దానికి లొంగుతుంది. మన్యం రచయిత కూడా సంతలో వినిపించే ఆదివాసీ ఒరియాను, కువి పిలుపులను పట్నపు పాఠకుడి సౌకర్యం కోసం చదును చేయకూడదు. సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చి, ఆ జనం పాటలనూ కథలనూ సేకరించిన గిడుగు రామమూర్తి, కొండభాషకు తెలుగు పండితుడు ఇవ్వవలసిన గౌరవం ఎటువంటిదో తొంభై ఏళ్ల కిందటే చూపించాడు. 2004 నుంచి కువి, సవర, కొండ, కోయ, ఆదివాసీ ఒరియా భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు తయారయ్యాయి. ఆ వాచకాలు చదివి పెరిగిన పిల్లలు ఇప్పుడు యువకులు. మన్యం గొలుసు కథలు రాయవలసినవారు వాళ్లలోనే ఉన్నారని నమ్మడానికి ఆధారముంది.

ఒక అభ్యంతరాన్ని గౌరవంగానే ఎదుర్కోవాలి. హింసించినవాడికి ఇల్లూ బిడ్డలూ ప్రేమా ఉన్నాయని చూపిస్తే, న్యాయం ఇంకా దొరకని బాధితులకు అది రెండో గాయం కాదా అని కొందరు అడుగుతారు. న్యాయస్థానంలో ఓడిపోయిన స్త్రీ ముందు ఈ ప్రశ్న తేలికైనది కాదు. డాంటికా పుస్తకం దీనికి ఇచ్చే జవాబు క్రమంలో ఉంది: తండ్రి ఒప్పుకోలు మొదటి కథలోనే వచ్చేస్తుంది, తరువాతి కథల్లో ఎక్కువభాగం అతని బాధితులకూ వాళ్ల బంధువులకూ దక్కుతుంది, అతని లోపలి కథ చివరకు గాని రాదు. ముందు ఎవరి మాట వినాలో, ఎవరి మాట ఆఖరున వినాలో నిర్ణయించడం రచయిత చేసే న్యాయవిచారణ. మన్యం పుస్తకం రాసేవారు కూడా ఈ క్రమాన్ని జాగ్రత్తగా ఎంచుకోవలసి ఉంటుంది. ఎంచుకోకుండా అందరినీ ఒకే తక్కెడలో తూచితే అది క్షమాభిక్ష అవుతుంది, కథ కాదు. సంఘటనల్లో నిజంగా ఉన్న మనుషుల పేర్లనూ గుర్తులనూ వాళ్ల అనుమతి లేకుండా కథలోకి తేకపోవడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే, ఎందుకంటే వాళ్లు ఇంకా అవే ఊళ్లలో బతుకుతున్నారు.

కాలం మాత్రం ఎక్కువ లేదు. మాచ్‌ఖండ్ నీళ్లు ఊళ్లను ముంచినప్పుడు పదేళ్ల వయసున్నవారు ఇప్పుడు ఎనభై దాటారు. మన్యం పోరాటం రోజులను సొంతంగా చూసినవారు ఇప్పుడు దాదాపు లేరు. వాళ్ల నోటివెంట విన్నవారు కొద్దిమంది మిగిలారు. అరకు, పాడేరు కళాశాలల విద్యార్థులు, ఆశ్రమపాఠశాలల ఉపాధ్యాయులు తమ ఇళ్లలోనూ పొరుగు గూడేల్లోనూ ఉన్న పెద్దల జ్ఞాపకాలను వాళ్ల సొంత భాషలోనే, వాళ్లు ఒప్పుకున్న మేరకు, శబ్దరూపంలో భద్రపరచాలనీ, తెలుగు పత్రికలూ ప్రచురణకర్తలూ ఆ సేకరణ నుంచి పుట్టే కథలకు చోటివ్వాలనీ, ఆ పని ఈ సంవత్సరమే మొదలుపెట్టాలనీ శ్రోతలకు విజ్ఞప్తి.